తల ఊపితే రాయను

ఆ గదిలో మాట్లాడే హక్కు ఉన్నవాళ్ళు పన్నెండు మంది. జవాబు చెప్పాల్సినవాళ్ళు ముగ్గురో నలుగురో. నోరు మూసుకుని కూర్చోవాల్సినవాళ్ళం ఇద్దరం. ఒకరు మెంగ్ గుమ్నే, రెండో మనిషిని నేను. గూఢచారి సంస్థను నిలదీయడానికి మా పార్లమెంటులో ఒక కమిటీ ఉంది, దానికి మేమిద్దరం షార్ట్‌హ్యాండ్ రాసేవాళ్ళం. తలుపులు మూసి జరిపే సమావేశాలవి. పత్రికలవాళ్ళు రారు, టీవీ రాదు, టేప్ రికార్డరు కూడా రాకూడదు. లోపల ఎవరేమన్నారో చెప్పడానికి రెండు నోటు పుస్తకాలు ఉంటాయి, అంతే.

గుమ్నే అక్క గురించి నాలుగు పేజీలు రాయమని మా రిటైర్డ్ ఉద్యోగుల సంఘం వాళ్ళు అడిగారు. శీర్షిక కూడా వాళ్ళే పెట్టి పంపారు. ‘నిశ్శబ్ద సేవకురాలు’ అట. చూసి నాకు ఒళ్ళు మండింది. మెంగ్ గుమ్నే ఎవరికీ సేవకురాలు కాదు. నిశ్శబ్దం ఆమె ఉద్యోగం, స్వభావం కాదు. పాతికేళ్ళు నోరు మూసుకుని కూర్చున్న మనిషి ఒకే ఒక్కసారి నోరు తెరిచింది. నేను రాసేది ఆ ఒక్కసారి గురించి. సంఘం వాళ్ళకి నచ్చకపోతే వేసుకోవద్దు.

ఆమెది తూర్పు తీరంలో గోజిన్ రేవు. నాన్న చేపల పడవ మీద కూలి. చలికాలమంతా ఇంటి ముందు తాళ్ళ మీద చేపలు వేలాడుతుంటే వాటి కింద నుంచి వంగి బడికి వెళ్ళేదట. అందుకే పొట్టిగా మిగిలిపోయానని తనే చెప్పి నవ్వేది. వాణిజ్య పాఠశాలలో షార్ట్‌హ్యాండ్ నేర్చుకుని, సియోల్ వచ్చి పరీక్ష రాసి, ఇరవై ఒకటో ఏట పార్లమెంటులో చేరింది. కుర్చీలో మెత్త వేసుకుంటే గానీ బల్ల అందేది కాదు. రోజూ పొద్దున్నే ఏడు పెన్సిళ్ళు చిన్న కత్తితో చెక్కి, మొనలన్నీ ఒకే వైపుకి తిప్పి వరసగా పెట్టుకునేది. వాటిలో ఒక్కటి కూడా ఎవరికీ ఇచ్చేది కాదు. నేను చేరిన మొదటి రోజు తెలియక ఒకటి అడిగాను. సాయంత్రం దాకా తిట్లు తిన్నాను.

షార్ట్‌హ్యాండ్ అందరం ఒకే పుస్తకంలో నేర్చుకుంటాం గానీ, పదేళ్ళు రాసేసరికి ఎవరి రాత వాళ్ళదైపోతుంది. ‘గౌరవనీయ సభ్యులు’ అనడానికి నాకు ఒక పొడుగు గీత కావాలి. ఆమెకు చుక్క చాలు. గౌరవనీయులకి అంతకంటే చోటివ్వడం దండగ అనేది. ఆమె పుస్తకం ఆమె తప్ప ఎవరూ పూర్తిగా చదవలేరు. ఏళ్ళ తరబడి పక్కన కూర్చున్నదాన్ని కాబట్టి నేను సగం చదవగలిగేదాన్ని.

ఆ మొండితనం పుట్టుకతో వచ్చింది కాదు. ఒక తప్పు చేసి సంపాదించుకున్నది.

సైనిక ప్రభుత్వం రోజులు. ఆమె ఉద్యోగంలో చేరిన మూడో ఏడు. ప్రతిపక్ష సభ్యుడొకాయన సభలో లేచి, యోంగ్ దల్సు అనే జాలరి గురించి అడిగాడు. దల్సు పడవ పొగమంచులో సరిహద్దు దాటి ఉత్తరాది శత్రుదేశంలోకి కొట్టుకుపోయి, అక్కడివాళ్ళ చేతికి చిక్కి, ఏడాది తరవాత తిరిగొచ్చింది. వచ్చిన రెండేళ్ళకు గూఢచారి సంస్థ అతన్ని ఇంటి నుంచి పట్టుకుపోయి, ఉత్తరాది గూఢచారినని ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వేయించి, జైల్లో పెట్టింది. అతన్ని ఏ గదిలో ఎన్ని రోజులు ఉంచారు, ఆ కాగితం ఎవరు రాశారు అన్నది సభ్యుడి ప్రశ్న. గుమ్నే రాసుకుంది. సాయంత్రం ఆమె శుద్ధప్రతి మీద అప్పటి సెక్షన్ అధికారి ఎర్ర పెన్సిలుతో అడ్డంగా గీత కొట్టి, పేజీ తిరగరాయమన్నాడు. తిరగరాసింది. కొత్త పేజీలో ప్రశ్న లేదు, జాలరీ లేడు.

ఆ పడవ ఆమె చిన్నప్పటి నుంచి చూసిన పడవే. దల్సు వాళ్ళ ఊరి మనిషే. అయినా తిరగరాసింది. ‘భయపడ్డాను’ అనేది. అంతకు మించి సాకు చెప్పేది కాదు.

పన్నెండేళ్ళు గడిచి సైనికుల రోజులు పోయాక, ఒకావిడ ఎండు చేపల మూట చంకన పెట్టుకుని మా రికార్డుల కౌంటరు దగ్గరికి వచ్చింది. దల్సు భార్య, చు మల్జా. దల్సు ఏడేళ్ళు జైల్లో ఉండి, బయటికొచ్చిన నాలుగో నెలలో చనిపోయాడు. తన మొగుడి గురించి సభలో అడిగిన పేజీ కావాలంది మల్జా. ఆ పూట కౌంటరులో ఉన్న గుమ్నే ఆ సంపుటం తెచ్చి, తేదీ వెతికి, పేజీ తెరిచి చూపించింది. మల్జాకి చదువు అంతంత మాత్రం. వేలు పెట్టి వరసా వరసా కిందికి జరుపుతూ చివరిదాకా వెళ్ళింది.

"అడగనేదా?" అంది. "ఆ పెద్దమనిషి పోయేముందు మా ఇంటికొచ్చి మరీ సెప్పినాడు, సభలో అడిగేనని. అయితే అబద్ధమాడేడన్నమాట."

గుమ్నే నోరు తెరవలేదు. నిజం చెప్పి పోయిన మనిషి ఆమె చేతి రాత వల్ల అబద్ధాలకోరయ్యాడు. శ్రమ పడ్డావమ్మా అని మల్జా రెండు ఎండు చేపలు కౌంటరు మీద పెట్టి వెళ్ళిపోయింది. ఈ సంగతి గుమ్నే అక్క నాకు ఒకే ఒకసారి చెప్పింది. ఆ చేపల్ని ఏం చేశావని అడిగితే మాత్రం పెన్సిళ్ళు సర్దుకుంది.

నేను చేరేనాటికి ఆమె బల్ల ఎదురుగా గోడకి ఒక కాగితం అంటించి ఉండేది. మా రికార్డు నియమాల్లోంచి రెండు వాక్యాలు. రాసిన మాట కొట్టేయకూడదు. మాట్లాడినవాడు దాన్ని వెనక్కి తీసుకుంటానంటే, తీసుకుంటానన్న మాట కూడా రాయాలి.

గూఢచారి సంస్థ మీద కమిటీ వేసినప్పుడు అందులో రాయడానికి మా సెక్షన్‌లో ఎవరూ ముందుకు రాలేదు. ఆ పనికి వెళ్ళేవాళ్ళ మంచిచెడ్డలు మేనమామ భార్య పుట్టింటిదాకా ఆరా తీస్తారు. లోపలికి వెళ్ళేటప్పుడు పుస్తకంలో పేజీలు లెక్కపెడతారు, బయటికొచ్చేటప్పుడు మళ్ళీ లెక్కపెడతారు. గుమ్నే అక్క తనే పేరిచ్చింది. తోడు ఎవరు కావాలంటే నన్ను చూపించింది. ఎందుకని అడిగాను. "నీకు కోపం ఎక్కువ. అక్కడ పనికొస్తుంది" అంది.

అక్కడ పని ఇలా ఉండేది. పది నిమిషాలు ఒకరు అసలు, ఇంకొకరు తోడు. తరవాతి పది నిమిషాలు అటూ ఇటూ మారతాం. అసలు మనిషి ప్రతి మాటా రాయాలి. తోడు మనిషి కూడా రాస్తుంది గానీ, పేర్లూ అంకెలూ సరిచూడ్డానికే. గుమ్నే అక్క మాత్రం తోడు వంతులో కూడా ప్రతి మాటా రాసేది. ఏదైనా రాయకూడని మాట వస్తే ఛైర్మన్ ‘రికార్డు ఆపండి’ అని నోటితో చెప్పాలి. అప్పుడు టైము వేసి పెన్సిలు కింద పెడతాం. మళ్ళీ మొదలుపెట్టమంటే టైము వేసి మొదలుపెడతాం. కానీ ఛైర్మన్లకి నోరు తెరవడం బద్ధకమైపోయింది. సంస్థ వాళ్ళు మా పెన్సిళ్ళ వైపు రెండు వేళ్ళు ఆడిస్తారు, ఛైర్మన్ తల ఊపుతాడు, మేము ఆపేస్తాం. ఎప్పటి నుంచి మొదలైందో తెలీదు గానీ అది ఆ గది అలవాటైపోయింది.

ఆ ఏడాది శరత్కాలం తనిఖీల్లో, మూడున్నర దాటాక, అసలు వంతు నాది. సభ్యుల్లో ఒకాయన పాత జడ్జి, చెవులు పెద్దవి, గొంతు చిన్నది. ఆయన అడిగాడు. గోజిన్ వైపు జాలర్ల కుటుంబాలు పాత కేసులు తిరగదోడమని సంఘం పెట్టుకున్నాయి కదా, వాళ్ళ ఫోన్లు మీరు వింటున్నారా అని. సంస్థ ఉపసంచాలకుడు నీళ్ళు తాగాడు. మా బల్ల వైపు చూశాడు. రెండు వేళ్ళు ఆడించాడు. ఛైర్మన్ తల ఊపాడు. నేను ‘3:42, ఆపు’ అని వేసి పెన్సిలు కింద పెట్టాను.

నా పక్కన పెన్సిలు చప్పుడు ఆగలేదు.

ఉపసంచాలకుడికి ఆ చప్పుడు వినపడలేదు. రికార్డు లేదనుకున్న మనిషి ఎలా మాట్లాడతాడో అలా మాట్లాడాడు, కాళ్ళు చాపుకుని. పదకొండు కుటుంబాల ఫోన్లు వింటున్నాం అన్నాడు. పాత ఒప్పుకోలు కాగితాలు మా గదుల్లో మావాళ్ళే రాశారు, జాలర్లు వేలిముద్రలు వేశారు, అంతే, ఇప్పుడు కోర్టులో అవి తెరిస్తే సంస్థ పరువు ఉంటుందా చెప్పండి అన్నాడు. దల్సు పేరు కూడా అతని నోటి నుంచే వచ్చింది. ఆరు నిమిషాలు. తరవాత ఛైర్మన్ మళ్ళీ తల ఊపాడు, నేను మళ్ళీ పెన్సిలు తీసుకున్నాను.

బయట వసారాలో ఆమె వెంట పడ్డాను. "అక్కా, ఆపమన్నారు కదా?"

"ఎవరన్నారు?"

"ఛైర్మన్."

"ఏమన్నాడు?"

"తల ఊపాడు."

"నోటితో అంటే రాస్తాను, నోటితో అంటే ఆపుతాను. తల ఊపితే రాయనమ్మాయ్, తల ఊపితే ఆపను" అని, పుస్తకం చంకలో పెట్టుకుని, పొట్టి కాళ్ళతో చకచకా నడిచి వెళ్ళిపోయింది. మర్నాటికి ఆ ఆరు నిమిషాలూ శుద్ధప్రతిలో ఉన్నాయి, కింద ఆమె ముద్రతో సహా. ఇక ఛైర్మన్ ముద్ర ఒక్కటే బాకీ. అది పడితేనే ప్రతి రికార్డవుతుంది. పడకపోతే ఇనప బీరువాలో చెదలు పట్టే కాగితం.

పిడుగు పడ్డట్టే అయింది మా సెక్షన్‌లో. సంస్థ తరఫున పార్లమెంటులో తిరిగే యోమ్ అనే మనిషి ఉండేవాడు. ఎప్పుడూ నవ్వుతూ, ఎప్పుడూ వంగి వంగి దణ్ణాలు పెడుతూ, వచ్చినప్పుడల్లా బలానికి తాగే జిన్సెంగ్ రసం సీసాల పెట్టె పట్టుకొచ్చేవాడు. ఆ రోజు రెండు పెట్టెలు తెచ్చాడు. గుమ్నే అక్క వాటిని తెరవకుండానే వెనక్కి తోసింది. "పట్టుకెళ్ళండి. నాకు బలం ఎక్కువైతే మీకే నష్టం."

యోమ్ నవ్వుతూనే అడిగాడు, పుస్తకం ఒకసారి చూడొచ్చా అని. ఆమె బీరువా తాళం తీసి, పుస్తకం తెచ్చి, ఆ పేజీ తెరిచి అతని వైపు తిప్పింది. పెన్సిలు కూడా అందించబోయింది, అతనిదే, అతని జేబులోంచి తీసి. "మీకు అభ్యంతరమున్న గీత ఏదో చూపించండి. అక్కడే కొట్టేసుకోండి."

యోమ్ పేజీని ఇటు తిప్పి చూశాడు, అటు తిప్పి చూశాడు. పిచ్చిక కాళ్ళ గుర్తుల్లాంటి ఆ గీతల్లో ఏది ఫోనో ఏది వేలిముద్రో అతనికేం తెలుస్తుంది. నవ్వు తగ్గింది. ఇది దేశ భద్రతకి సంబంధించిన విషయం మేడమ్ అన్నాడు. కోపమొస్తే ఆమె నోట్లోంచి గోజిన్ మాట ఊడిపడేది. "మా ఊరి ముసలమ్మల ఫోన్లు ఇంటే దేశానికి ఏటి భద్రత, నాయనా?" అంది. యోమ్ పెట్టెలు రెండూ తీసుకుని వెళ్ళిపోయాడు.

అక్కడ పని జరగలేదు కాబట్టి నా మీద పడ్డారు. మా సెక్షన్ అధికారి ఓక్ గారు చెడ్డవాడు కాదు, ఫోను మోగితే లేచి నిలబడి మాట్లాడే రకం. నన్ను గదిలోకి పిలిచి టైపు చేసిన కాగితం ఒకటి ముందు పెట్టాడు. ‘3:42కి ఛైర్మన్ ఆదేశం మేరకు రికార్డు ఆగింది. ఆ సమయంలో అసలు పుస్తకం నాది. తోడు మనిషి రాసుకున్నది ఆమె సొంత నోట్సు.’ కింద నా పేరు, సంతకానికి చోటు. నువ్వు చిన్నదానివి, ఇంకా ఇరవై ఏళ్ళ సర్వీసుంది, ఆవిడ మొండితనానికి నువ్వెందుకు బలైపోవడం అన్నాడు. మెంగ్ గుమ్నే మీద రహస్యాల కేసు పెట్టే ఆలోచన కూడా ఉందట, ఈ సంతకం ఉంటే అంతదూరం పోదట. ఆమెను కాపాడ్డానికే పెట్టమంటున్నాడన్నమాట. ఇలాంటి మాటలకు నాకు ఒళ్ళు మండుతుంది గానీ, నిజం చెప్పాలంటే ఆ రోజు మంట కంటే వణుకే ఎక్కువ.

కాగితం మడిచి క్యాంటీన్‌కి తీసుకెళ్ళాను. గుమ్నే అక్క ముల్లంగి చారులో అన్నం కలుపుకుని తింటోంది. చదివింది. చెంచా కింద పెట్టలేదు.

"పెట్టమనీ చెప్పను, వద్దనీ చెప్పను. నీ పుస్తకంలో ఏముంది?"

"3:42, ఆపు అని ఉంది."

"ఎవరన్నట్టు?"

మా పనిలో మాట ముందు మనిషి పేరు లేకుండా ఏదీ ఉండదు. ఎవరు తుమ్మినా పేరు వేసే రాస్తాం. నా పుస్తకంలో ఆ ‘ఆపు’ ముందు ఎవరి పేరూ లేదు. ఎవరూ అనని మాట నేను రాశాను, అందరూ విన్న మాటలు రాయకుండా వదిలేశాను. ఇరవై నాలుగేళ్ళ వయసులో ఆమె పేజీ తిరగరాసింది, కనీసం పై అధికారి గీత కొట్టాడు. నాకు గీత కూడా అక్కర్లేకపోయింది.

ఓక్ గారి టైపు వాక్యాలు కొట్టేసి, కింద నా చేత్తో రాశాను. ‘3:42కి నేను ఆపాను. ఆపమని ఎవరూ అనలేదు.’ సంతకం పెట్టి ఇచ్చాను. ఆయన మొహం ఆముదం తాగినట్టు అయింది.

ఛైర్మన్ మాత్రం శుద్ధప్రతి మీద ముద్ర వేయలేదు, చింపనూ లేదు. మంచివాడని పేరు ఆయనకి. మెత్తని మనిషి. ఆ గదిలో జరిగిన నష్టంలో సగం మెత్తనివాళ్ళు చేసిందే. పది రోజులు ఆ కాగితాలు ఆయన బల్ల మీద ఉండిపోయాయి. అప్పుడు గుమ్నే అక్క గోడ మీది కాగితం పీకి, ఓక్ గారి బల్ల మీద పెట్టింది. ఉపసంచాలకుడికి అంత బాధగా ఉంటే కమిటీ ముందుకొచ్చి మాట వెనక్కి తీసుకోవచ్చు, నియమం ఒప్పుకుంటుంది, నేను రాస్తాను అంది.

యోమ్ ఎగిరి గంతేశాడు. రెండు నిమిషాల పని. ‘మొన్నటి నా జవాబు ఉపసంహరించుకుంటున్నాను’ అంటే చాలు. ఛైర్మన్ దాని మీద ముద్ర వేస్తాడు. మొన్నటి ప్రతికి ఇక ముద్ర అక్కర్లేదు, ఉపసంహరించుకున్న జవాబుకి ముద్ర ఎందుకు. దేన్ని ఉపసంహరించుకున్నాడో ఎక్కడా ఉండదు. దల్సు మళ్ళీ మాయమవుతాడు, ఈసారి నియమం ప్రకారం.

నేను ఆమెతో దెబ్బలాడాను. దారి నువ్వే చూపించావు అన్నాను. ఇంకా చాలా అన్నాను, ఇక్కడ రాయను. ఆమె పెన్సిలు చెక్కుకుంటూ అంతా వింది.

"రేపు మొదటి పది నిమిషాలు అసలు ఎవరు?"

"నువ్వు."

"మార్చు. నువ్వు రాయి."

"ఎందుకు?"

"రాసే మనిషి మాట్లాడకూడదు కదా" అంది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆ నియమాల పుస్తకంలో చివరెక్కడో ఒక చిన్న వాక్యం ఉంది. మాట స్పష్టంగా లేక రికార్డు తయారు చేయలేకపోతే, తోడు స్టెనోగ్రాఫర్ ఛైర్మన్‌ని వివరం అడగవచ్చు. పరీక్షకి బట్టీ పట్టాం, మర్చిపోయాం. మా సెక్షన్ పుట్టినప్పటి నుంచీ దాన్ని వాడినవాళ్ళు లేరు.

పొద్దున పదింటికి సమావేశం. ఉపసంచాలకుడు నీలం టై కట్టుకొచ్చాడు. లేచి నిలబడి, ఒకే ఊపిరిలో అనేశాడు, మొన్నటి సమావేశంలో తానిచ్చిన జవాబును ఉపసంహరించుకుంటున్నానని. నడుం వంచి దణ్ణం పెట్టాడు. ఛైర్మన్ సుత్తి ఎత్తాడు.

నా పక్కన కుర్చీ కిర్రుమంది. గుమ్నే అక్క లేచి నిలబడింది. నిలబడినా కూర్చున్నా పెద్ద తేడా ఉండదు కాబట్టి, ఆమె గొంతు విన్నాకే అందరూ తిరిగి చూశారు.

"అధ్యక్షా, ఏ జవాబును వెనక్కి తీసుకుంటున్నారో రికార్డులో లేదు. ఏ మాటలో చెప్పకపోతే, వెనక్కి తీసుకున్నట్టు మేము రాయలేము."

గోడ మాట్లాడినట్టు చూశారు ఆమెను. ఆ గదిలో అంతకుముందు ఆమె గొంతు విన్నవాళ్ళు నేను తప్ప ఎవరూ లేరు. ఉపసంచాలకుడు మొదట చేసిన పని రెండు వేళ్ళు నా పెన్సిలు వైపు ఆడించడం. ఛైర్మన్ నన్ను చూసి తల ఊపాడు. ఒకసారి కాదు, మూడుసార్లు ఊపాడు, మూడోసారి గడ్డం మెడకి తగిలేలా. నేను రాస్తూనే ఉన్నాను. ‘స్టెనోగ్రాఫర్ మెంగ్ గుమ్నే’ అని ముందు పేరు వేసి, ఆమె మాటలు రాశాను. పెన్సిలు ఎంత గట్టిగా నొక్కానంటే, తరవాత చూస్తే కింది నాలుగు పేజీల మీద అచ్చు దిగింది.

పాత జడ్జి నెమ్మదిగా నవ్వాడు. ఆమె అడిగింది న్యాయమే అన్నాడు. ఏ మాటలో చెప్పకపోతే మొన్నటి జవాబు మొన్నటిలాగే ఉంటుంది, దాని మీద ముద్ర వేయమని ఇప్పుడే తీర్మానం పెడతాను, చెబుతారా పెట్టమంటారా అన్నాడు. ఛైర్మన్‌కి ఇక తల ఊపడానికి చోటు లేదు. నోరు తెరవక తప్పలేదు. "చెప్పండి" అన్నాడు.

సరిగ్గా అప్పుడే నా పెన్సిలు మొన విరిగింది. నేను తడుముకునే లోపల నా చేతి పక్కకి ఇంకో పెన్సిలు వచ్చింది. ఆమె ఏడింటిలో ఒకటి, చెక్కిన మొన తళతళలాడుతూ. ఆమె నా వైపు చూడలేదు, ఉపసంచాలకుణ్ణే చూస్తోంది.

అతను చెప్పాడు. ఒక్కో మాటా నోట్లోంచి రాయిలా తీసి పెట్టాడు. పదకొండు కుటుంబాల ఫోన్లు వింటున్నామన్న మాట. యోంగ్ దల్సు తదితరుల ఒప్పుకోలు కాగితాలు సంస్థ గదుల్లో సంస్థ మనుషులే రాశారన్న మాట. ఈ రెండు మాటలూ ఉపసంహరించుకుంటున్నానన్నాడు. రెండూ రాశాను. ఉపసంహరించుకున్నాడని కూడా రాశాను. ఆ పేజీల మీద ఆ సాయంత్రమే ఛైర్మన్ ముద్ర పడింది, పడక ఏం చేస్తుంది, ఆ ముద్ర కావాలని గోల పెట్టింది సంస్థే.

నెల తిరక్కుండా గుమ్నే అక్కని కింది అంతస్తుకి మార్చారు. వ్యవసాయ కమిటీ పాత రికార్డులకి విషయ సూచికలు రాసే పని. కిటికీ లేని గది. మెత్త తనే మోసుకుంటూ దిగింది. ఎరువుల ధరల మీద ఇంత మాట్లాడారని తెలిస్తే ముందే అడిగేదాన్ని అని నవ్వింది. రిటైరయ్యేదాకా ఆమె అక్కడే ఉంది. ఆ సమావేశంలో ఏం జరిగిందో బయట ఎవరికీ చెప్పలేదు, చెప్పకూడదు కూడా. కానీ ఆ చలికాలం సెలవు పెట్టి గోజిన్ వెళ్ళింది. వెంట నేనూ వెళ్ళాను. మల్జా బజారులో ఎండు చేపలు అమ్ముతోంది. గుమ్నే అక్క కొట్టు ముందు చతికిలబడి, వాళ్ళ ఊరి మాటలోనే చెప్పింది.

"ఆ పెద్దమనిషి అబద్ధమాడనేదమ్మా. సభలో అడిగేడు. రాసిందీ నానే, తీసేసిందీ నానే."

మల్జా చేపలు సర్దడం ఆపలేదు. సర్దుతూనే, ఇప్పుడెందుకు సెప్తన్నావు అంది.

"నీ లాయర్ని పార్లమెంటు రికార్డు అడగమను. మూసిన కమిటీది."

"ఏటుంది అందులో?"

"ఏటుందో సెప్పను. అడగమని సెప్తన్నాను."

గుమ్నే అక్క రెండు చేపలు తీసుకుంది. మల్జా ధర చెప్పి, చెయ్యి చాపి, పైసా తగ్గించకుండా తీసుకుంది. తిరిగొచ్చే దారిలో గుమ్నే అక్క, మల్జా చేసింది న్యాయమే అంది.

కోర్టు అడగడానికి, కమిటీ ఒప్పుకోడానికి, ఆ పేజీలు తెరవడానికి పన్నెండేళ్ళు పట్టింది. విచారణ రోజు గుమ్నే అక్కా నేనూ వెనక బెంచీ మీద కూర్చున్నాం. ప్రభుత్వ లాయరు లేచి, ఆ మాటలు ఉపసంహరించుకున్నవి కాబట్టి లెక్కలోకి రావన్నాడు. జడ్జి ఒక ఆడమనిషి, మా అమ్మాయి వయసుంటుంది. లేని మాటను ఎవరూ వెనక్కి తీసుకోలేరు కదండీ అంది. పేజీ పైకి చదివింది. చదువుతూ చదువుతూ ‘స్టెనోగ్రాఫర్ మెంగ్ గుమ్నే’ దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఆ పేరు తరవాతి మాటలు కూడా చదివింది. ముందు వరసలో మల్జా వెనక్కి తిరిగి చూసింది.

దల్సు నిర్దోషి అని తేలేసరికి మధ్యాహ్నం పన్నెండున్నర. బయట మెట్ల మీద మల్జా మా దగ్గరికి నడిచొచ్చింది. ఎనభై దాటిన మనిషి, చంకన మూట అలాగే ఉంది.

"ఆ మాట నీదేనా?" అంది.

"నాదే" అంది గుమ్నే అక్క.

మల్జా మూట విప్పి రెండు ఎండు చేపలు తీసి ఆమె చేతిలో పెట్టింది. గుమ్నే అక్క అక్కడే మెట్ల మీద కూర్చుని, ఒక చేప చించి, సగం నాకిచ్చి, సగం తను నమలడం మొదలుపెట్టింది. లోపల్నుంచి వచ్చే లాయర్లు మమ్మల్ని తప్పుకుని దిగుతున్నారు. మల్జా ఈసారి డబ్బులు అడగలేదు.